ముసలి కుందేలుకు తిమోతీ గడ్డి: పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందా?

ముందే చెప్పేస్తా, ఐదుకు మూడున్నర. తిమోతీ అంటే కుందేళ్ళకి పెట్టే ఒక రకం ఎండుగడ్డి, అందులో వంకేం లేదు. ఆ ఒకటిన్నర తగ్గించింది ప్యాకెట్ మీద కొట్టిన గొప్పలకి, "ఇది పెట్టండి, పళ్ళ సమస్య పోతుంది" అని కింద జనం రాసిన రివ్యూలకి. చిన్న కుందేలున్న వాళ్ళు కళ్ళు మూసుకుని కొనుక్కోండి. ఇంట్లో ముసలిది ఉంటే మాత్రం ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి.

మా బెల్లానికి ఎనిమిదేళ్ళు దాటాయి. రంగు అచ్చం చిత్తూరు బెల్లం రంగు, అందుకే ఆ పేరు. ఇంట్లో పెంచే కుందేళ్ళు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ దాకా బతుకుతాయి కాబట్టి వీడు తాత కింద లెక్క. ఈమధ్య క్యారెట్ చూపిస్తే పరిగెత్తుకుంటూ వస్తాడు, ముక్క నోట్లో పెట్టుకుంటాడు, ఒక్కసారి నమిలి వదిలేస్తాడు. గడ్డం కింద వెంట్రుకలు ఎప్పుడు చూసినా తడిగా అంటుకుపోయి ఉంటాయి. ఒక కంట్లోంచి నీళ్ళు. శనగ గింజంత ఉండే పెంటికలు మిరియాల సైజుకొచ్చేశాయి. అప్పుడే మా స్నేహితుడొకడు తిమోతీ లింకు పంపాడు.

వచ్చింది కిలో ప్యాకెట్, ధర ఆరు వందల పైచిలుకు. బయటి దేశపు సరుకు కాబట్టి ఆ రేటు, ఇది చల్లటి దేశాల్లో పండే గడ్డి, మన ఎండలకి బతకదు. నేను తెప్పించింది రెండో కోత. మొదటి కోతలో కాడలు ముదురుగా, పీచు ఎక్కువగా ఉంటాయి, మూడో కోత ఆకులతో మెత్తగా ఉంటుంది, రెండోది ఈ రెండింటికీ మధ్యస్తం. ప్యాకెట్ విప్పగానే పచ్చిగడ్డి కోసినప్పటి వాసన వచ్చింది, రంగు కూడా లేత ఆకుపచ్చే. మెచ్చుకోవాల్సిందే. కానీ అడుగున గుప్పెడు పొడి, దుమ్ము. అది అట్నే పెడితే కుందేలు తుమ్ముతుంది, ముసలివాటికి ఊపిరి ఇబ్బంది కూడా. నేను చేటలో వేసి చెరిగి పెడుతున్నా, మా అమ్మ బియ్యం చేట ఇప్పుడు గడ్డి చేట అయిపోయింది, ఇంట్లో దాని గొడవ వేరే.

ఇంతకీ ఈ గడ్డికి, పళ్ళకి సంబంధం ఏంటంటే, కుందేలుకు మొత్తం 28 పళ్ళు, అన్నీ చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళయితే వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు. గడ్డి నమిలేటప్పుడు దవడ పక్కకి తిరుగుతూ తిరగలిలా రుబ్బుతుంది, గడ్డిలో ఉండే సిలికా వల్ల పన్ను అరుగుతూ ఉంటుంది. పెల్లెట్లు (గుళికల మేత), క్యారెట్ తింటే పైనుంచి కిందికి నొక్కడమే తప్ప ఆ రుబ్బుడు సరిగ్గా ఉండదు. అందుకే తిండిలో చాలా భాగం ఎండుగడ్డే ఉండాలంటారు. ఇదంతా నిజం, ప్యాకెట్ వాళ్ళు రాసిన మాట తప్పు కాదు.

కానీ వయసు మీదపడ్డ కుందేలుకి అప్పటికే పన్ను వంకర తిరిగి ఉంటే గడ్డి ఏం చేస్తుంది? మావాడు కాడ తీసుకున్నాడు, రెండు నములు నమిలాడు, వదిలేశాడు. సాయంత్రానికి ట్రే చుట్టూ కొసలు తడిసిన కాడలు పడున్నాయి, లోపలికి పోయింది మాత్రం ఏమీ లేదు. గడ్డి నచ్చక కాదు, నోరు నొప్పి.

ఒక ప్రైవేటు క్లినిక్‌లో పెదవి పైకెత్తి ముందు పళ్ళు చూసి "బాగానే ఉన్నాయి, వయసైపోయింది కదా" అన్నారు. రెండో చోట డాక్టరమ్మ చెవిలోకి చూసే లైటు గొట్టం నోట్లో పక్కగా పెట్టి దవడ పళ్ళు చూసింది. కుందేలు నోరు ఇరుకు, అట్లా చూస్తే తప్ప వెనక పళ్ళు కనపడవు. కింది దవడ పన్ను ఒకటి లోపలికి ముల్లులా పెరిగి నాలుకను కోస్తోంది, అక్కడ ఎర్రటి పుండు. కింది పళ్ళ ముళ్ళు నాలుక వైపు, పై పళ్ళవి బుగ్గ వైపు పెరుగుతాయట. కంట్లో నీళ్ళకి కూడా కారణం పన్నే కావచ్చని పుర్రె ఎక్స్‌రే తీయించింది, ఎందుకంటే కన్నీటి గొట్టం పై పళ్ళ వేర్ల పక్కనుంచే పోతుంది, వేరు పైకి తోస్తే అది మూసుకుపోతుంది.

"ఏం మా, రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా తేవాలా ఆపరేషన్‌కి?" అని మా అమ్మ అడిగితే, "అస్సలొద్దమ్మా, కుందేలు కక్కలేదు, కడుపు ఖాళీ పెడితే పేగు ఆగిపోతుంది, మత్తు ఇచ్చేదాకా తిననీండి" అంది. ఈ ఒక్క మాటతో ఈమెకి కుందేళ్ళ సంగతి తెలుసని నాకు ధైర్యం వచ్చింది. వయసు చూసి ముందు రక్త పరీక్ష చేసింది, తర్వాత మత్తిచ్చి ముల్లు అరగదీసింది, నొప్పికి మెలాక్సికామ్ రాసింది. గోళ్ళ కట్టర్‌తో పళ్ళు కత్తిరిస్తామనే వాళ్ళ దగ్గరికి పోవద్దు, పన్ను నిలువునా చీలుతుంది. ఇంకోటి, మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ సిరప్ తెచ్చి తాగించే పని పెట్టుకోవద్దు, నోటి ద్వారా ఇస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి కుందేలు ప్రాణం మీదకొస్తుంది. మా తిరుపతిలోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, కాలేజీ అయితే 1955 నుంచి ఉంది, ఎటు పోవాలో తోచకపోతే అక్కడ అడగొచ్చు. పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఉందంటే మాత్రం రేపు చూద్దాంలే అనుకోకూడదు, ఆ రోజే తీసుకుపోవాలి.

నాలుక మానేదాకా పెల్లెట్లు నీళ్ళలో నానబెట్టి సిరంజితో పెట్టాం. ఆ తర్వాత అదే ప్యాకెట్, అదే గడ్డి, కరకరా నమిలాడు! పెంటికలు మళ్ళీ లావయ్యాయి. అంటే గడ్డి పనిచేసింది, కాకపోతే పన్ను బాగు చేయించాకే చేసింది. ముళ్ళు మళ్ళీ రాకుండా కొంత ఆపుతుంది, వచ్చిన ముల్లును అరగదీసే శక్తి దానికి లేదు.

ఇక రేటు సంగతి. నెలంతా తిమోతీయే పెట్టాలంటే నాబోటివాడికి కష్టం. అందుకే సగం గరిక కలుపుతున్నా. వినాయకుడికి పెట్టే గరికే, గుడి ముందు పూలమ్మే అవ్వ దగ్గర దొరుకుతుంది. దినామూ కొంటుంటే "ఏంది సామీ, ఇంట్లోనే కాణిపాకం కట్టినావా?" అని అడిగింది. కుందేలుకని చెప్తే రెండు కట్టలు ఎక్కువేసింది. బాగా కడిగి నీడలో ఆరబెడితే తిమోతీకి ఏమాత్రం తీసిపోదు, మావాడైతే ముందు అదే తింటాడు. మందు కొట్టిన చోట కోసింది కాకుండా చూసుకోవాలి, అంతే. మన దగ్గర చవగ్గా దొరుకుతుందని చెనక్కాయ కట్టె గానీ, లూసర్న్ అనే పశువుల మేత గానీ రోజూ పెట్టొద్దు. అవి పప్పు జాతి, కాల్షియం ఎక్కువ. కుందేలు తిన్న కాల్షియంలో చాలా భాగం ఒంట్లోకి లాక్కుని ఎక్కువైంది మూత్రంలో వదులుతుంది, ముసలిదానికైతే అది సున్నపు నీళ్ళలా చిక్కబడి మూత్రం మంట మొదలవుతుంది.

గడ్డి ఎత్తులో కట్టే స్టాండు అమ్ముతున్నారు, ప్యాకెట్‌తో కలిపి కొంటే డిస్కౌంటు కూడా. వద్దు. కీళ్ళ నొప్పులున్న కుందేలు మెడ ఎత్తి లాక్కోలేదు. అంచు తక్కువున్న ట్రేలో నేల మీదే పెట్టండి, టైల్స్ మీద జారకుండా కింద ఒక మ్యాటు వేయండి. నీళ్ళు బాటిల్‌లో కాకుండా బరువైన గిన్నెలో పెట్టండి, ఎండుగడ్డి తింటే దాహం ఎక్కువ, పైగా తిరుపతి ఎండలు నలభై దాటుతాయి, ముప్ఫై దాటితేనే వీటికి కష్టం.

నవంబరు, డిసెంబరు వానల్లో పెద్ద ప్యాకెట్ కొనకండి, విప్పాక చెమ్మ పట్టి బూజొస్తుంది, బూజు గడ్డి పెట్టే బదులు ఆ పూట గరికతో సరిపెట్టడం నయం. ఎండిన పండ్లు, రంగు గింజలు కలిపిన ప్యాకెట్ల జోలికి పోవద్దు, కుందేలు అవి ఏరుకుని తిని గడ్డి వదిలేస్తుంది. నేను మళ్ళీ ఆర్డర్ పెట్టా, రెండో కోతే. ప్యాక్ చేసిన తేదీ వేస్తున్నారు గానీ కోసిన తేదీ ఎక్కడా లేదు, అది కూడా వేస్తే ఇంకో అర స్టార్ ఇస్తా.