టిఫిన్ హోటల్ వంటగదికి ఏది మేలు: పాలిష్ బండా, రఫ్ బండా, టైల్సా?

కర్నూలులో హోటల్ పెట్టేవాళ్లకు బండల పాలిష్‌కు పేరున్న బేతంచెర్ల దగ్గరే కాబట్టి పాలిష్ బండలు సులువుగా దొరుకుతాయి. చూడటానికి నీటుగా ఉంటాయి, ఒకసారి గుడ్డ పెడితే మెరుస్తాయి. వంటవాళ్లు జారిపడేది కూడా ఆ నున్నటి బండ మీదే.

ఉగ్గాని చేసే చోట ఒక్క పూట నిలబడి చూడండి. నానిన బొరుగులు పిండినప్పుడల్లా నీళ్లు కింద కారతాయి. పక్కనే బజ్జీల మూకుడు. జల్లిగరిటె ఎత్తినప్పుడల్లా నూనె చుక్కలు రాలతాయి. నీళ్లూ నూనే కలిసిన ఆ పొర మీద అడుగు పడితే పాలిష్ బండకు పట్టు ఉండదు. జారే మనిషి ఆసరా కోసం చేయి చాపేది కాగే మూకుడు వైపే. అందుకే పొయ్యిల దగ్గర పాలిష్ బండ వద్దే వద్దని గట్టిగా చెబుతాను.

కడప నల్ల బండను పాలిష్ పట్టకుండా పరిస్తే ఆ గరుకే కాలికి పట్టు. కాకపోతే జనం తిరిగే దారి ఏళ్లు గడిచేకొద్దీ నున్నబడుతుంది. ఇది సున్నపురాయి, యాసిడ్ పోసి కడిగితే పైపొర తినేస్తుంది. సరిగ్గా పరచకపోతే సాంబారు గిన్నె మోసేవాళ్ల కాలికి అంచులు తగులుతాయి. గిన్నెలు కడిగే చోటికి నేనైతే ఇదే వేయిస్తాను.

పొయ్యిల దగ్గర మాత్రం యాంటీ స్కిడ్ టైల్సే. షాపువాళ్ల మాట మీద ఊరుకోకుండా ఆర్ నంబర్ అడగండి. నూనె పూసిన వాలు మీద మనిషిని నడిపించి ఆర్9 నుంచి ఆర్13 వరకు ఇచ్చే గ్రేడు అది. నంబర్ పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. హోటల్ వంటగదికి ఆర్11 అయినా ఉండాలి. ఖర్చుతో పాటు చాకిరీ కూడా ఎక్కువే. గరుకులో జిడ్డు పేరుకుంటుంది, మాప్ పెడితే నలుదిక్కులా పాకుతుంది. రోజూ రాత్రి వేడినీళ్లు, సబ్బుపొడి వేసి గట్టి బ్రష్‌తో రుద్దాలి. అందుకు మనిషిని పెట్టకపోతే ఆ టైల్స్ కూడా జారతాయి.

ఇప్పటికే పాలిష్ బండలు వేసుకున్నవాళ్లు తవ్వించక్కర్లేదు. సింకు దగ్గర, మూకుడు ముందు రంధ్రాల రబ్బరు మ్యాట్లు పరిచి, రోజూ ఎత్తి కడిగించండి. అంచులు పైకి లేస్తే మార్చేయండి. అరిగిన హవాయి చెప్పులతో పనిచేసేవాళ్లకు గ్రిప్ ఉన్న షూ యజమానే కొనివ్వాలి, ఆ డబ్బు జీతంలో కోయకూడదు.