మౌనంగా చేర్చుకోవడమా, తీర్మానం చేసి చెప్పడమా: ఏది మేలు?

"మా సంఘంలో ఎల్‌జీబీటీ వారిని ఎవరూ కాదనరు. మరి ఓటు వేసి, తీర్మానం చేసి పైకి చెప్పాల్సిన అవసరం ఉందా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. అడిగేవారిలో పాస్టర్లు ఉన్నారు, సంఘ పెద్దలు ఉన్నారు, గే కొడుకున్న తల్లులూ ఉన్నారు.

మౌనంగా చేర్చుకోవడంలో మంచి లేదనను. ఓటింగ్ ఉండదు, చీలిక భయం ఉండదు. ఒక ట్రాన్స్‌జెండర్ సోదరి పక్కన ఏళ్ల తరబడి కూర్చుని ప్రార్థన చేసిన పెద్దాయన మనసు ఏ ప్రసంగానికీ మారనంతగా మారుతుంది. అది నేను కళ్లారా చూశాను.

కానీ ఆ స్వాగతం ఎంతవరకు? లోపలికి రానివ్వడం వరకేనా? ప్రభు బల్లలో పాలు పొందవచ్చా? క్వయర్‌లో పాడవచ్చా, సండేస్కూల్లో పాఠం చెప్పవచ్చా? ఇద్దరు తల్లులున్న బిడ్డను ఆశీర్వదిస్తారా? పెళ్లి జరిపిస్తారా? "అందరికీ స్వాగతం" అనే బోర్డు వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పదు. తెలుసుకోవాలంటే వచ్చినవాళ్లే అడగాలి. అడగడమంటే తమ గుట్టు తామే బయటపెట్టుకోవడం. అడగకపోతే, రెండేళ్లు పాటలు పాడాక ఒక ఆదివారం "నువ్వు ముందుకు రాకపోతే మంచిదమ్మా" అనే మాట వినాల్సి రావచ్చు. అలా విన్న అమ్మాయి నాకు తెలుసు. ఆమె మళ్లీ ఏ చర్చికీ వెళ్లలేదు. పోగొట్టుకోవడానికి అందరికన్నా ఎక్కువ ఉన్న మనిషి మీదే మౌనం ఈ భారం పెడుతుంది. నన్ను తీర్మానం వైపు తిప్పింది ఇదొక్కటే.

ఇది కొత్త దారేమీ కాదు. అమెరికాలోని యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ 1985లోనే తన సంఘాలను ఇలా బహిరంగంగా ప్రకటించుకోమని ప్రోత్సహించింది. యునైటెడ్ మెథడిస్టు చర్చి 1984లో స్వలింగ సంబంధాల్లో ఉన్నవారికి పాస్టర్ అభిషేకం ఇవ్వకూడదని నిషేధం పెడితే, అదే ఏడాది కొన్ని స్థానిక సంఘాలు "మేం చేర్చుకుంటాం" అని పేరుపేరునా ప్రకటించుకోవడం మొదలుపెట్టాయి. ఆ నిషేధాన్ని చర్చి 2024లో 692–51 ఓట్లతో ఎత్తేసింది. పైవాళ్లు మారేదాకా ఆగి ఉంటే 40 ఏళ్లు ఆగాల్సి వచ్చేది.

దీనికి మూల్యం ఉంది, దాచను. ఈ విషయంలోనే 2019–2023 మధ్య అమెరికాలో 7,600కు పైగా సంఘాలు ఆ మెథడిస్టు చర్చిని వదిలి వెళ్లాయి. మీ సంఘంలోనూ ఒకటి రెండు కుటుంబాలు వెళ్లిపోవచ్చు. అందుకే ఓటింగ్‌తో మొదలుపెట్టకండి. ఇద్దరిద్దరు కూర్చుని మాట్లాడుకోవడంతో మొదలుపెట్టండి. ఒప్పించడానికి కాదు, ఎదుటివాళ్ల భయమేమిటో వినడానికి వెళ్లండి. "మా పిల్లలకేం చెప్పాలి?" అనే టెన్షన్ చాలామంది వాక్య సందేహాల వెనక ఉంటుంది. బైబిల్ స్టడీలో కూడా స్వలింగ సంబంధాల మీద ఎప్పుడూ వాదించుకునే ఆ నాలుగైదు వచనాల దగ్గరే ఆగిపోవద్దు. ద్వితీయోపదేశకాండము 23లో సమాజంలో చేరకూడదన్న నపుంసకులకు యెషయా 56లో దేవుడు తన మందిరంలోనే చోటిస్తానంటాడు. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు అలాంటి ఒకరికి దారిలోనే బాప్తిస్మమిస్తాడు. మా సంఘంలో ఈ మూడు అధ్యాయాలూ వరుసగా చదివిన రోజు గదిలో ఎవరూ గొంతు పెంచలేదు.

పాస్టర్ గారు ఒక్కరే ప్రసంగంలో ప్రకటించేస్తే త్వరగా అయిపోతుంది. ఆయన బదిలీ అయితే ఆ మాటా పోతుంది. ఇప్పటికే చేర్చుకునే వేరే సంఘానికి వెళ్లడం, ఇప్పుడే గాయపడి ఉన్నవారికి సరైన దారే. 1968లో లాస్ ఏంజెలెస్‌లో మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి పుట్టింది అలాంటివారి కోసమే.

తీర్మానంలో గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ అని పేర్లు పెట్టి రాయండి. బల్ల, బాప్తిస్మం, పెళ్లి, పరిచర్య, అన్నీ అందులో ఉండాలి. ఇంకొకటి. చర్చ జరిగే ఆ నెలలన్నీ మీ సంఘంలోని ఎల్‌జీబీటీ విశ్వాసులు తమ గురించి తమ ముందే జరిగే వాదన వింటూ కూర్చోవాలి. అడిగి సాక్ష్యం చెప్పించకండి. ఓటింగ్ తేదీ పెట్టేముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, మీకిది భరించగలిగినదేనా అని అడగండి. ఇంకొంత సమయం కావాలంటే ఆగండి.