ఆర్వీలో పండుగాడితో గ్రాండ్ కాన్యన్: ఎక్కడ ఆగొచ్చు, ఎక్కడ ఆగక్కర్లేదు

అమెరికాలో చాలా నేషనల్ పార్కులకు కుక్కను తీసుకెళ్లడమంటే దానికి పార్కింగ్ లాట్ చూపించి వెనక్కి తేవడమే. రోడ్డు, క్యాంప్‌గ్రౌండ్ దాటి ట్రెయిల్ (నడకదారి) మీద అడుగు పెట్టనివ్వరు. అందుకే స్ప్రింగ్ బ్రేక్‌కి డాలస్ నుంచి అద్దె ఆర్వీలో (వంటిల్లు, పడకలు ఉన్న పెద్ద బండి) బయల్దేరేముందు, మా కుక్క పండుగాడిని రానిచ్చే చోట్లే ఏరుకున్నాం. టెక్సస్‌లో పాలో డ్యూరో కాన్యన్, ఆరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు), తిరుగుదారిలో న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్. పండు ల్యాబ్ మిక్స్, ఉరుమంటే హడల్. వాడితోపాటు మేమిద్దరం, పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య.

మార్చిలో ఈ దారి మీద ఎండ, ఈదురుగాలి, దుమ్ము, మంచు అన్నీ ఒకే ప్రయాణంలో తగలొచ్చు. కాబట్టి బస ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది కరెంటు హుకప్ (సైట్‌లో బండికి తగిలించుకునే కనెక్షన్) ఉందా లేదా అని. ఆర్వీ పైకప్పు మీది ఏసీ నడవాలంటే హుకప్ కావాలి, లేదంటే జనరేటర్ వేయాలి. జనరేటర్‌కు క్యాంప్‌గ్రౌండ్లలో వేళలుంటాయి. హీటర్ ప్రొపేన్‌తో మండినా దాని ఫ్యాన్ బ్యాటరీని లాగేస్తుంది. కుక్కను రానివ్వని చోటికి మనం వెళ్తే అది బండిలోనే ఉండాలి కదా. ఎంత అందమైన సైట్ అయినా హుకప్ లేకపోతే మాకు పనికిరాదు.

పాలో డ్యూరో గురించి ఎక్కువ చెప్పను. స్టేట్ పార్కే, కరెంటూ నీళ్లూ ఉన్న సైట్లున్నాయి, లీష్ (మెడపట్టీకి కట్టే తాడు) ఉంటే కుక్క ట్రెయిల్స్ మీదికి రావచ్చు. కాన్యన్ లోపలికి దిగే రోడ్డు బాగా వాలు, పెద్ద బండిని లో గేర్‌లోనే దించాలి. లైట్‌హౌస్ ట్రెయిల్ రానూపోనూ సుమారు 6 మైళ్లు, నీడ తక్కువ. మధ్యాహ్నం ఎండలో కుక్కతో ఆ సాహసం వద్దు.

అసలు పరీక్ష న్యూ మెక్సికోలోకి అడుగుపెట్టాక మొదలైంది. ఐ-40 హైవే మీద అడ్డగాలి. ఆర్వీ ఎత్తుగా, డబ్బాలా ఉంటుంది కాబట్టి పక్కనుంచి లారీ దాటినప్పుడల్లా స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టుంటుంది. మావారు మాట్లాడటం మానేశారంటే టెన్షన్ ఏ స్థాయిలో ఉందో నాకు తెలుస్తుంది. ఫోన్‌కి హై విండ్ వార్నింగ్ రాగానే ఆల్బకర్కీ ఆశ వదిలేసి టుకుమ్‌కారీలో ఆగిపోయాం. హైవే పక్కనే ఆర్వీ పార్కు, రాత్రంతా లారీల మోత. అయినా మంచి మార్కులే వేస్తాను. ఆఫీసులో ఉన్నావిడ గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్పి, బండి మూతి గాలికి ఎదురుగా ఉండే సైట్ ఇచ్చింది. ఆనింగ్ (బండి పక్కకి చాపే గుడ్డ పందిరి) తెరవొద్దని కూడా ముందే హెచ్చరించింది.

అక్కడి పెట్ ఏరియాకి మాత్రం సున్నా. నాలుగడుగులు వేశాడో లేదో పండు మూడు కాళ్ల మీద నిలబడిపోయాడు. అరికాలు తిప్పి చూస్తే మెత్తటి చోట ముళ్లకాయ దిగి ఉంది. అప్పటిదాకా వాడు దగ్గరికొస్తే చీర కుచ్చిళ్లు పైకి లాక్కునే అత్తయ్య వంగి చూసి, "ఇవి పల్లేరుకాయలే కదమ్మా! ఇక్కడా దాపురించాయా?" అంటూ మెట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే పీకారు. ఇక్కడివాళ్లు గోట్‌హెడ్స్ అంటారు. ఈ దారిలో కంకర పరిచిన పార్కులన్నింటిలో అనుమానంగా చూడాల్సిందే. చిన్న ట్వీజర్స్ వెంట ఉంచుకోండి.

గాలి రోజున వంట లోపలే. ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్, ఏసీ ఒకేసారి వేస్తే 30 ఆంప్‌ల లైన్ ట్రిప్పవుతుంది. ఇంకో చిక్కు, ఆర్వీ వంటింట్లో ఉల్లిపాయ ముక్క కిందపడితే నేరుగా కుక్క నోట్లోకే. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. అందుకని ప్రయాణమంతా ఉల్లి లేని పప్పు, పులిహోర. వాడికి పెరుగన్నం.

పెట్రిఫైడ్ ఫారెస్ట్‌కి నా ఓటు మొదటిది. 20 కోట్ల ఏళ్లకు పైబడిన చెట్లు రాళ్లయి, రంగురంగుల దుంగలుగా పడి ఉంటాయి. 28 మైళ్ల రోడ్డు ఆర్వీకి హాయిగా ఉంటుంది. లీష్ ఉంటే ట్రెయిల్స్ అన్నిటి మీదా కుక్క నడవచ్చు, భవనాల్లోకి మాత్రం వద్దు. అక్కడి బ్లూ మెసా ట్రెయిల్‌లో పండు మాకంటే ముందు దిగాడు. పార్కులో ఆర్వీ క్యాంప్‌గ్రౌండ్ లేదు, సాయంత్రం గేట్లు మూసేస్తారు. బసకు హోల్‌బ్రుక్ వెళ్లాలి. ఆ ఊళ్లో ఆర్వీ పార్కుకి వంక పెట్టడానికీ లేదు, పొగడటానికీ లేదు.

హోల్‌బ్రుక్ దాటాక దుమ్ము లేచింది. ఆరిజోనా రవాణా శాఖ చెప్పే పద్ధతి ఇది: రోడ్డు నుంచి వీలైనంత దూరంగా ఆపి, లైట్లన్నీ ఆర్పేసి, బ్రేక్ మీంచి కాలు తీసి, బెల్టు పెట్టుకునే కూర్చోవాలి. లైట్లు వెలిగితే వెనకవాళ్లు అదే దారి అనుకుని మనమీదికి వచ్చేస్తారు.

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తు. మార్చిలో రాత్రి గడ్డకట్టే చలి మామూలే, మాకు మంచు కూడా పడింది. పార్కు లోపల ఫుల్ హుకప్స్ (కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు మూడూ) ఉన్నది ట్రెయిలర్ విలేజ్ ఒక్కటే. మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో చెట్లు బాగుంటాయి కానీ హుకప్ లేదు, 30 అడుగులు దాటిన బండికి చోటూ లేదు. మేం ట్రెయిలర్ విలేజ్‌లో దిగి, రాత్రి నీళ్ల పైపు విప్పి, ఖాళీ చేసి లోపల పెట్టుకున్నాం. పక్క సైటాయన పైపు పొద్దునకి కర్రలా బిగుసుకుపోయింది.

కుక్కను రిమ్ ట్రెయిల్ మీద నడిపించొచ్చు, లోయలోకి దించకూడదు, షటిల్ బస్సు ఎక్కించకూడదు. చిక్కంతా ఇక్కడే. హర్మిట్ రోడ్‌లోకి మార్చి 1 నుంచి నవంబర్ 30 దాకా సొంత బళ్లు రానివ్వరు, షటిల్ ఒక్కటే. అంటే ఆ వ్యూపాయింట్లు చూడాలంటే కుక్కను వదలాలి. పార్కులో కెన్నెల్ (కుక్కలను ఉంచే చోటు) ఉంది, టీకాల కాగితాలు తప్పనిసరి. మేం కెన్నెల్ వద్దనుకుని డెజర్ట్ వ్యూ డ్రైవ్ ఎంచుకున్నాం. 25 మైళ్లు, మన బండిలోనే. మంచులో నడిచాక కుక్క వేళ్ల మధ్య మంచు ఉండలు కడుతుంది, గోరువెచ్చని నీళ్లలో కాసేపు పాదాలు ముంచితే కరిగిపోతాయి.

వైట్ శాండ్స్‌లో ఇసుకంతా జిప్సమ్, ఎండలోనూ పాదం కాలదు. పండు పొర్లిన పొర్లుకి బండి నిండా తెల్లపొడి. అద్దెకిచ్చినవాళ్లు పెట్ ఫీజు కాక క్లీనింగ్ ఛార్జీ కూడా వేశారు, బయల్దేరే ముందే ఈ రెండూ కాగితం మీద రాయించుకోవడం మంచిది. పార్కులో ఆర్వీ బస లేదు. అలమొగోర్డోకి దక్షిణాన ఆలివర్ లీ స్టేట్ పార్కులో కరెంటు, నీళ్లు, కొండ చాటు ఉన్నాయి. పక్కనున్న మిలిటరీ రేంజ్‌లో క్షిపణి పరీక్షలుంటే పార్కునూ హైవే 70నీ మూసేస్తారు, ఒక్కోసారి 3 గంటల దాకా. మూసివేత వేళలు ముందురోజే చూసుకుని పొద్దున్నే వెళ్లండి, వసంతంలో మధ్యాహ్నానికల్లా గాలి లేస్తుంది.