కంబర్లాండ్ కనుమ: బూన్ దారి, బూన్ భూములు

అమెరికాలో టెన్నెస్సీ, వర్జీనియా, కెంటకీ రాష్ట్రాలు కలిసే కొండదారి ఇది. టెన్నెస్సీలోని నాక్స్‌విల్ నుంచి వచ్చేవాళ్లు 25ఈ హైవే టన్నెల్లో దూరి రెండు నిమిషాల్లో కెంటకీలో తేలతారు. అసలు కనుమ నెత్తిమీదే ఉండిపోతుంది. 1996లో టన్నెల్ తెరిచాక పైనున్న తారురోడ్డు పెకలించి, పాత బండిబాటలా మార్చారు. అది నడిచే చూడాలి.

1775 మార్చిలో వేటగాడు, దారి చూపరి డేనియల్ బూన్ ముప్పైమందితో కొట్టించిన ‘రోడ్డు’ నిజానికి కాలిబాట: పొదలు నరికి చెట్లకు గంట్లు పెట్టారంతే. బండ్లు దాటింది 1796లో వెడల్పు చేశాకే. ఆ పని తనకివ్వమని బూన్ కెంటకీ గవర్నర్ షెల్బీకి ఉత్తరం రాసుకున్నాడు, దక్కలేదు. కంకర రోడ్డు ఎలా వేయాలో జనానికి చూపడానికి 1908లో పూర్తిచేసిన ‘ఆబ్జెక్ట్ లెసన్ రోడ్’ కూడా ఇక్కడిదే, వదలొద్దు.

కనుమ చుట్టూ ఉన్న జాతీయ పార్కుకు టికెట్ లేదు, అందులోని గ్యాప్ గుహకు ఉంది. వేరే గుహలో తిరిగిన బూట్లు, బట్టలతో రావద్దు, గబ్బిలాలకు తెగులు అంటుతుంది. పినకిల్ వ్యూపాయింటు రోడ్డు మలుపులకు 20 అడుగులు దాటిన బండ్లను, ట్రైలర్లను రానివ్వరు. వర్జీనియా వైపు క్యాంప్‌గ్రౌండ్‌లో 160 చోట్లున్నా కరెంటు 41కే. మిడిల్స్‌బరో మోటళ్లు దగ్గర. పిల్లలుంటే పైన్‌విల్ దగ్గరి పైన్ మౌంటెన్ లాడ్జి నయం. శాకాహారులు నాక్స్‌విల్‌లోనే సరుకులు కొనుక్కోవడం మేలు.

రెండోరోజు బూన్ కోట కట్టిన బూన్స్‌బరో, సుమారు రెండు గంటల దారి. కోట నమూనాయే, అసలు చోటు కింద నది ఒడ్డున. చలికాలమైతే వేళలు కనుక్కుని బయల్దేరండి. భూముల గొడవ అర్థమయ్యేది ఇక్కడే. చెరోకీ ఆదివాసుల దగ్గర, బూన్‌ను దారి కొట్టడానికి పంపిన భూవ్యాపారి హెండర్సన్ కొన్న భూమిని 1778లో, అప్పట్లో కెంటకీని ఏలే వర్జీనియా చెల్లదంది. తర్వాత వారంటు (ఇంత భూమికి హక్కు), ఎంట్రీ (ఫలానా చోటని నమోదు), సర్వే, గ్రాంటు (పట్టా) అని నాలుగు మెట్లు పెట్టింది, ముందుగా నేలంతా కొలవకుండానే. చెక్కుబందీలో (హద్దుల వివరంలో) ‘వాగు చీలిక, తెల్ల ఓక్ చెట్టు’ అని రాస్తే, చెట్టు కూలాక హద్దేది? ఒకే నేల మీద పెంకుల్లా మూడు నాలుగు పట్టాలు పడ్డాయి. సర్వేయర్లు లాగింది 33 అడుగుల గొలుసు. మన గుంటకూ భుజం 33 అడుగులే. స్వయంగా సర్వేయరైన బూన్ కూడా దావాల్లో భూములు పోగొట్టుకుని 1799లో మిస్సోరి వెళ్లిపోయాడు.

ఓపికుంటే ఇంకో గంటలో కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్ శ్మశానంలో, నది పైన, ఆయన సమాధి. ఎముకలు మా దగ్గరే ఉన్నాయని మిస్సోరివాళ్లంటారు.