మిర్త్ కనెక్ట్: సిక్కోలు క్లినిక్‌లకు ల్యాబ్ రిపోర్టులు భద్రంగా చేర్చడంలో ఎంతవరకు నమ్మొచ్చు

ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ పేషెంటు విషయంలో డాక్టరుకు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె ఒక్కటే చాలదు. సంక్రాంతికి 1.4, దసరాకి 1.7, ఇప్పుడు 2.1. ఈ వరస కంటికి కనబడాలి. వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్‌లో ఆ వరస ఉండదు, ఆ రోజు అంకె మాత్రమే ఉంటుంది. పైగా ఆ ఫైలు కాంపౌండర్ ఫోన్ గ్యాలరీలో ఒకటి, బ్యాకప్‌లో ఒకటి మిగిలిపోతుంది. పేషెంటుకు ఆ సంగతే తెలీదు. అంకె అంకెలాగే క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లో ఆ మనిషి పేజీలోకి దిగాలంటే, ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కీ క్లినిక్ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య ఇంటర్‌ఫేస్ ఇంజిన్, అంటే ఒకదాని మెసేజ్‌ని ఇంకోదానికి చేరవేసే ప్రోగ్రాం, ఒకటి ఉండాలి. అలాంటివాటిలో డబ్బు కట్టకుండా దొరికి, బాగా నలిగినది మిర్త్ కనెక్ట్. శ్రీకాకుళంలోనో పలాసలోనో ఒక ల్యాబ్, దాని రిపోర్టులు తీసుకునే టెక్కలి, సోంపేట, కవిటి వైపు నాలుగైదు క్లినిక్‌లు ఉన్నాయనుకుని దాన్ని ఇక్కడ బేరీజు వేస్తున్నాం.

ముందు వెర్షన్ సంగతి. ఓపెన్ సోర్స్‌గా వచ్చిన చివరి వెర్షన్ 4.5.2. 2025లో వచ్చిన 4.6 నుంచి లైసెన్స్ కొనాల్సిందే. పాత కోడ్ మీద ఓపెన్ ఇంటిగ్రేషన్ ఇంజిన్ పేరుతో వేరే శాఖ మొదలైంది. కొత్తగా పెట్టేవాళ్లు దాన్ని కూడా చూసి నిర్ణయించుకోవాలి. ఎవరైనా పాత పెన్‌డ్రైవ్‌లోంచి 4.4.0 గానీ అంతకన్నా పాతది గానీ వేస్తామంటే ఒప్పుకోకండి. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాడు సర్వర్ మీద తన కమాండ్లు నడపగలిగే లోపం, సీవీఈ-2023-43208, వాటిలో ఉంది. దాన్ని 4.4.1లో సరిచేశారు. ఏ వెర్షనైనా సరే, అడ్మినిస్ట్రేటర్ పోర్టులు 8080, 8443 ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచకూడదు. ఇన్‌స్టాల్ చేశాక లాగిన్ పేరూ అడ్మినే, పాస్‌వర్డూ అడ్మినే. మొదటి పది నిమిషాల్లో మార్చాల్సింది అదే.

మెషీన్ పెద్దదేం అక్కర్లేదు. ఈ లెక్కకి 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న మినీ పీసీ, దానితో పాటు రూటర్‌ని కూడా మోసే ఒక యూపీఎస్ సరిపోతాయి. రూటర్‌ని యూపీఎస్ మీద పెట్టడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. కరెంటు పోతే పీసీ వెలుగుతూనే ఉంటుంది, లింకు మాత్రం చచ్చిపోతుంది. డేటాబేస్‌గా దానంతట అదే వచ్చే డెర్బీని వాడొద్దు, అది పరీక్షలకే. మిర్త్ ప్రాపర్టీస్ ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్‌కి మార్చండి. ఛానెల్, అంటే మెసేజ్‌లు వెళ్లే దారి, పెట్టగానే మెసేజ్‌లు ఎన్నాళ్లు దాచాలో చెప్పి, పాతవాటిని చెరిపే డేటా ప్రూనర్‌ని కూడా ఆన్ చేయండి. ఛానెల్‌లో రోజులు రాసి ప్రూనర్ ఆన్ చేయకపోతే ఏదీ చెరగదు. కొన్ని నెలలకు డిస్క్ నిండుతుంది, ఆ రోజు నుంచి రిపోర్టులు ఆగిపోతాయి.

భద్రత దగ్గర ఉచిత వెర్షన్‌లో పెద్ద లోటుంది. వైద్య సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే హెచ్‌ఎల్7 మెసేజ్‌లు మామూలుగా వెళ్లే ఎంఎల్‌ఎల్‌పీ కనెక్షన్‌కి, దారిలో ఎవరూ చదవకుండా కాపాడే టీఎల్‌ఎస్ తొడుగు వేయాలంటే ఎస్‌ఎస్‌ఎల్ మేనేజర్ ప్లగిన్ కావాలి, అది డబ్బులిచ్చి కొనాల్సింది. అది లేకుండా పోర్టు తెరిస్తే పేషెంటు పేరు, వయసు, హెచ్‌ఐవీ రిపోర్టు అన్నీ ఉత్త అక్షరాలుగా దారిలో పోతాయి. దీనికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం చక్కటి మందు. క్లినిక్ క్లినిక్‌కీ వేరే తాళాల జత, ఒక్కో క్లినిక్‌కి ఒక్క లోపలి ఐపీ. ల్యాబ్ వైపు సెట్టింగుల్లో ప్రతి క్లినిక్ అలవుడ్ ఐపీస్‌లో ఆ ఒక్క చిరునామానే రాయాలి, ఒక క్లినిక్ నుంచి ఇంకో క్లినిక్‌కి ట్రాఫిక్ దాటించకుండా ల్యాబ్ మెషీన్‌లో ఆపాలి. అప్పుడు సోంపేట క్లినిక్‌లో వైరస్ దూరినా టెక్కలి క్లినిక్ కంప్యూటర్‌ని తాకలేదు. మన వైపు చాలా ఫైబర్ కనెక్షన్లు, మొబైల్ హాట్‌స్పాట్లు చాలావరకు సీజీ-నాట్ వెనక, అంటే చాలామంది ఒకే ఇంటర్నెట్ చిరునామా పంచుకునే ఏర్పాటు వెనక, ఉంటాయి, బయటినుంచి వాటిలోకి రాలేం. అందుకే ల్యాబ్ వైపు ఒక్కచోట స్టాటిక్ ఐపీ, అంటే మారని చిరునామా, తీసుకుని, క్లినిక్‌లే అటు కనెక్ట్ అయ్యేలా పెట్టాలి. పోర్టు యూడీపీ 51820. క్లినిక్ వైపు పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 సెకన్లు రాయకపోతే కాసేపు ఏ మెసేజూ లేనప్పుడు దారి మూసుకుపోతుంది. ‘పొద్దున్న వచ్చింది, మధ్యాహ్నం రావట్లేదు’ అనే ఫిర్యాదుకి చాలాసార్లు ఇదే కారణం.

ఇక మిర్త్‌ని నిజంగా మెచ్చుకోవాల్సిన చోటు, చాలామంది తప్పు చేసే చోటు కూడా, ఏసీకే, అంటే మెసేజ్‌కి వచ్చే రసీదు. ల్యాబ్ ఓఆర్‌యూ మెసేజ్, అంటే ఫలితాలు మోసే మెసేజ్, పంపితే అవతలివైపు ‘ఏఏ’ అని జవాబిస్తుంది. అందింది అని దానర్థం. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఆ జవాబు చూసి రిపోర్టు పక్కన పచ్చ టిక్కు పెడుతుంది. కానీ ఆ ఏఏ ఎప్పుడిచ్చారన్నదే ప్రశ్న. సోర్స్, అంటే ల్యాబ్ నుంచి మెసేజ్ వచ్చే వైపు, క్యూ ఆన్ చేస్తే మెసేజ్‌ని విప్పి చూడకముందే ఏఏ పోతుంది. ‘సోర్స్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత’ అని పెడితే క్లినిక్ సాఫ్ట్‌వేర్ తిప్పికొట్టినా ఏఏ పోతుంది. రెండు సందర్భాల్లోనూ ల్యాబ్‌లో పచ్చ టిక్కు, క్లినిక్‌లో ఖాళీ పేజీ. సోర్స్ క్యూ ఆఫ్ చేసి, రెస్పాన్స్‌ని ‘డెస్టినేషన్స్ కంప్లీటెడ్’ మీద పెట్టండి. ఈ మార్పుకి రెండు క్లిక్కులు చాలు, మొత్తం ఏర్పాటులో ఇంతకన్నా విలువైన క్లిక్కులు లేవు.

డెస్టినేషన్ వైపు, అంటే క్లినిక్‌కి పంపే వైపు, క్యూ ‘ఆన్ ఫెయిల్యూర్’ ఉండాలి. లింకు లేకపోతే మెసేజ్ అక్కడే ఆగి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటూ ఫోన్లూ లేవు. ఇక్కడ లింకు తెగుతుందన్నది లెక్కలో వేసుకోవాల్సిన మాట. క్యూ అలాంటి రోజులకే. అయితే రొటేట్ క్యూ మాత్రం ఆఫ్‌లో ఉంచాలి. ఆన్ చేస్తే ఇరుక్కున్న మెసేజ్‌ని వెనక్కి నెట్టి తర్వాతిది ముందు పంపుతుంది, దాంతో సరిదిద్దిన రిపోర్టు ముందు చేరి, తప్పు రిపోర్టు తర్వాత చేరి దాని మీద కూర్చోవచ్చు. మెసేజ్‌లో ఒక్కో ఫలితం ఓబీఎక్స్ అనే లైన్‌లో ఉంటుంది, దాని 11వ గడి ఓబీఎక్స్-11లో ఎఫ్ అంటే తుది ఫలితం, సీ అంటే సవరించింది. క్లినిక్ సాఫ్ట్‌వేర్ సీ వచ్చినప్పుడు పాత అంకెని కొట్టివేసి చూపించాలి గానీ మాయం చేయకూడదు. పాత అంకె చూసి డాక్టరు మందు రాసి ఉంటారు. పీ అని వచ్చేవి, అంటే ఇంకా పాథాలజిస్టు ఒప్పుకోనివి, ఛానెల్ ఫిల్టర్‌లోనే ఆపేయడం మేలు. అనలైజర్‌ని, అంటే టెస్టు చేసే మెషీన్‌ని, నేరుగా మిర్త్‌కి కలపొద్దు అనేది కూడా ఇందుకే. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో సంతకం పడ్డాకే మెసేజ్ పుట్టాలి.

మనిషిని గుర్తుపట్టడం ఇంకో ఎత్తు, మన జిల్లాలో ఇది మరీ కష్టం. సింహాచలం అనే పేరు మగవాళ్లకీ ఉంటుంది, ఆడవాళ్లకీ ఉంటుంది. అప్పలనాయుడుని ఇంగ్లిష్‌లో ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడదీస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు పడుతుంది, ఒకచోట పొడి అక్షరంగా మిగులుతుంది. ఫోన్ నంబరు చూస్తే ఇల్లంతటికీ కొడుకుదే. పుట్టినతేదీ చూస్తే పెద్దవాళ్లలో చాలామందికి జనవరి 1, వయసు చెబితే సాఫ్ట్‌వేర్ వేసిన తేదీ అది. పేరూ పుట్టినతేదీ కలిస్తే చాలు అనే నియమం పెడితే ఒకే ఊరి ఇద్దరు సింహాచలాల రిపోర్టులు తారుమారవుతాయి. ఆర్డర్ నంబరే అసలు ఆధారం కావాలి. క్లినిక్‌లో టెస్టు రాసినప్పుడు పుట్టిన నంబరు ట్యూబ్ మీద బార్‌కోడ్‌గా అంటాలి, అదే మెసేజ్‌లో ఆర్డర్ వివరాలుండే ఓబీఆర్ లైన్ రెండో గడి, ఓబీఆర్-2లో తిరిగి రావాలి. దానికి తోడు లింగం, పేరు సరిచూడాలి. కలవకపోతే రిపోర్టు ‘జత కానివి’ అనే ట్రేలో పడాలి, సిస్టర్ చూసి జత చేయాలి. కొత్త పేషెంటుని సాఫ్ట్‌వేరే సృష్టించేలా ఎప్పుడూ పెట్టొద్దు. 14 అంకెల ఆభా నంబరు, అంటే ప్రభుత్వ ఆరోగ్య గుర్తింపు సంఖ్య, ఉంటే పేషెంటు గుర్తింపు గడి పీఐడీ-3లో దానికంటూ వేరే గుర్తుతో పంపండి, ల్యాబ్ సొంత నంబరుతో కలపకండి.

టెస్టుల పేర్లకి లోయింక్ కోడ్లు, అంటే ఒక్కో టెస్టుకి అంతటా ఒకేలా వాడే నంబర్లు, వేయండి. సీరం క్రియాటినిన్ 2160-0, పొటాషియం 2823-3, హిమోగ్లోబిన్ 718-7, హెచ్‌బీఏ1సీ 4548-4. మొదట ఎక్కువగా జరిగే ముప్పై, నలభై టెస్టులకి వేస్తే రోజువారీ పని దాదాపు గడుస్తుంది. యూనిట్లని మాత్రం వదలకండి. క్రియాటినిన్ మిల్లీగ్రాముల్లో 1.4 అయితే మైక్రోమోల్స్‌లో దాదాపు 124. 88.4తో గుణించాలి. కొత్త అనలైజర్ వచ్చినప్పుడు యూనిట్ మారితే గ్రాఫ్ ఒక్కసారిగా ఆకాశానికి ఎగురుతుంది. ఇంకో చిన్న చిక్కు, మైక్రోమోల్‌లోని మ్యూ గుర్తు. ఒకవైపు యూటీఎఫ్-8, ఇంకోవైపు విండోస్ ఎన్‌కోడింగ్ ఉంటే అది పిచ్చి గీతలా మారుతుంది, యూనిట్ కలవలేదని రిపోర్టు ఆగిపోతుంది. సోర్స్ కనెక్టర్‌లో ఎన్‌కోడింగ్‌ని డిఫాల్ట్‌కి వదలకుండా రెండు వైపులా యూటీఎఫ్-8 అని ఎంచండి. తెలుగులో రాసిన పేర్లు ప్రశ్నార్థకాలుగా మారడానికీ ఇదే కారణం.

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌కి కలపాలనుకునేవాళ్లు మిర్త్ ఒక్కటే ఆ పని చేసేస్తుందని అనుకోవద్దు. అక్కడ ఫైర్ ఆర్4 అనే కొత్త తరహా మెసేజ్ రూపం కావాలి, మిర్త్‌లో ఫైర్ కనెక్టర్ డబ్బు కట్టాల్సిందే. జావాస్క్రిప్ట్‌లో జేసన్ మనమే కట్టి హెచ్‌టీటీపీ సెండర్‌తో పంపొచ్చు గానీ శ్రమ. ఆభా, లింకింగ్, అనుమతుల మైలురాళ్లు, ఆపైన భద్రతా ఆడిట్ ఉంటాయి. ఆ పని క్లినిక్ సాఫ్ట్‌వేర్ కంపెనీకే వదిలేయడం తెలివైన పని.

అలర్ట్ అమర్చుకుంటే, మెసేజ్ ఫెయిలైనప్పుడు మిర్త్ మెయిల్ పంపుతుంది. కానీ ల్యాబ్ వైపు నుంచి అసలేమీ రాకపోతే ఎర్రరే ఉండదు, అలర్టూ ఉండదు. అందుకే రోజూ ఉదయం 7:30కి ఉత్తుత్తి పేషెంటు పేరుతో ఒక రిపోర్టు ప్రతి క్లినిక్‌కీ పంపండి. 8 లోపు కనబడకపోతే సిస్టర్ ల్యాబ్‌కి ఫోన్ చేయాలి. సాయంత్రం ల్యాబ్ పంపిన ఓబీఆర్-3 నంబర్ల, అంటే ల్యాబ్ తానే వేసిన నంబర్ల, జాబితాని క్లినిక్‌లో చేరిన వాటితో సరిచూడాలి. రెండు వైపుల గడియారాలూ సమయం సరిచేసే ఒకే ఎన్‌టీపీ సర్వర్‌కి, ఎన్‌ఐసీదో ఎన్‌పీఎల్‌దో, కట్టి ఉంటేనే ఈ లెక్క తేలుతుంది.

ఎవరికి పనికొస్తుందంటే, నాలుగైదు క్లినిక్‌లకి రిపోర్టులు పంపే ల్యాబ్‌కి, దాన్ని చూసుకునే మనిషి జిల్లాలో ఉంటే, కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఒక్క డాక్టరు, ఒక్క కాంపౌండర్ ఉన్న క్లినిక్ సొంతంగా నడపడానికి మాత్రం వద్దు. వాళ్లకి ల్యాబ్ పోర్టల్‌లో ఓటీపీతో తెరుచుకునే రిపోర్టు నయం. పెట్టించుకునే ముందు మీ క్లినిక్ సాఫ్ట్‌వేర్ వాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: ‘ఓఆర్‌యూ తీసుకున్నాక ఏసీకే ఎప్పుడిస్తారు, డేటాబేస్‌లో రాసిన తర్వాతేనా?’ సూటిగా జవాబు రాకపోతే ముందుకెళ్లకండి.

పొటాషియం 6.5 వచ్చిందనుకోండి, గుండెకి ప్రమాదకరమైన అంకె అది. మెసేజ్ వెళ్లింది, పచ్చ టిక్కు పడింది, అయినా ఫోన్ మానకూడదు. టెక్నీషియన్ ఫోన్ చేసి ‘డాక్టర్ గారూ, ఫలానా ఆర్డర్ నంబరు, పొటాషియం ఆరు పాయింట్ ఐదు’ అని చెప్పాలి, డాక్టరు దాన్ని తిరిగి చదివి వినిపించాలి. ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు, ఎన్ని గంటలకి అన్నది ఆ ఓబీఎక్స్ కింద ఎన్‌టీఈ అనే వ్యాఖ్యల లైన్‌లో రాసి పంపాలి. ఆ లైన్‌ని అంకెతో పాటే క్లినిక్ సాఫ్ట్‌వేర్‌కి చేర్చేలా ఛానెల్‌లో అమర్చడం మిర్త్‌లో చిన్న పని, తెర మీద అంకె పక్కనే చూపించడం మాత్రం క్లినిక్ సాఫ్ట్‌వేర్ పని.