నోరు కట్టేసుకోవడమా, కొలుచుకుని తినడమా?

బరువు తగ్గించే సర్జరీ అయి ఏడాదిన్నర దాటినవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకే ప్రశ్న: "తగ్గాల్సింది తగ్గింది, ఇప్పుడు తీపి మీదికి మనసు లాగుతోంది. పూర్తిగా మానేయాలా, కొద్దిగా తినవచ్చా?" నేను స్లీవ్ (కడుపులో ఎక్కువ భాగం తీసేసే సర్జరీ) చేయించుకుని మూడేళ్లు దాటింది. రెండు పద్ధతులూ నెలల తరబడి పాటించి చూశాను. మొదటిదానితో కొన్నాళ్లు బాగానే గడిచి, తర్వాత నాలుగు కిలోలు పెరిగాను. రెండోదానితో ఏడాదిగా నిలకడగా ఉన్నాను. అందుకని నా మొగ్గు ఎటో దాచుకోను. అయితే నాకు కుదరని పద్ధతే కొందరికి సరైనదని నమ్ముతున్నాను, వాళ్లెవరో కూడా చెబుతాను.

ముందు ఆ పెరిగిన కిలోల సంగతి. ఆ భయంతోనే చాలామంది కఠినమైన నియమాల్లోకి దూకుతారు. స్లీవ్ అయినా, కడుపును చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే బైపాస్ అయినా బరువు అట్టడుగుకు చేరేది సాధారణంగా మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ మధ్య. అక్కడి నుంచి కొంత వెనక్కి రావడం మామూలే. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం 2007లో ప్రకటించిన లెక్క ప్రకారం, బైపాస్ చేయించుకున్నవాళ్లు తొలి రెండేళ్లలో సగటున 32 శాతం దాకా తగ్గి, పదేళ్లు గడిచేసరికి 25 శాతం తగ్గుదల దగ్గర నిలిచారు. అంటే 120 కిలోల మనిషి 82కు దిగి, మెల్లగా 90 దగ్గర స్థిరపడినట్టు. ఆ 82నే తలచుకుంటూ కూర్చుంటే దిగులు తప్ప ఏమీ మిగలదు. నిజానికి 30 కిలోలు పోయినవి పోయినట్టే ఉన్నాయి. మనం ఎంచుకునే పద్ధతి ఈ నిలకడ కోసం. కాబట్టి ఆరు వారాలు కాదు, ఆరేళ్లు చేయగలిగేది కావాలి.

పూర్తిగా మానేయడంలో ఉన్న పెద్ద సుఖం, ఆలోచించే పని లేకపోవడం. తిందామా వద్దా, ఎంత తిందాం అని రోజూ మనసులో బేరం సాగదు. తొలి నెలల్లో ఇదే మేలని ఎవరైనా ఒప్పుకుంటారు. స్లీవ్‌లో కడుపులో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే అప్పట్లో తిండి గుర్తే రాదు, మానేయడం కష్టమూ అనిపించదు. ఆ తేలిక శాశ్వతమని నేను అనుకున్నాను. ఏడాది తిరిగాక ఆకలి కొంత వెనక్కి వచ్చింది. దానితో పాటు ఆకలి కానిది కూడా వచ్చింది. ఆకలైతే ఏది పెట్టినా తీరుతుంది, ఈ యావకు మాత్రం ఫలానా వస్తువే కావాలి.

నేను ఏడు నెలలు తీపి ముట్టలేదు. ఆ ఏడు నెలల్లోనే నాలుగు కిలోలు పెరిగాను. ఎలాగో చాలాకాలం అర్థం కాలేదు, ఒక సాయంత్రం తెలిసింది. మధ్యాహ్నం భోజనానికి ఒక గుడ్డు, నాలుగు చెంచాల పెరుగు తినేసరికి రొమ్ము ఎముక కింద ఆ బిగింపు వచ్చింది. మనలో ప్రతి ఒక్కరికీ తెలిసిన బిగింపే, ఇంకొక్క ముద్ద కూడా వద్దనేది. అదే రోజు నాలుగింటికి కంప్యూటర్ ముందు కూర్చుని ఉప్పు బిస్కెట్ల పొట్లం విప్పాను. ఒక్కొక్కటీ కాఫీలో ముంచి తింటూ పని చేసుకుంటున్నాను. ఆరున్నరకు చెయ్యి పొట్లంలోకి పోతే కాగితం అడుగు తగిలింది. లెక్క చూస్తే పద్నాలుగు బిస్కెట్లు. కడుపులో ఏ బిగింపూ లేదు. తీపి ముట్టలేదు కాబట్టి నియమం తప్పలేదనే నమ్మకంతోనే ఆ పద్నాలుగూ తిన్నాను.

నా దృష్టిలో తేల్చవలసిన విషయం ఇదే. సర్జరీ ఒక్కసారికి ఎంత పడుతుందో నియంత్రిస్తుంది, రోజుకు ఎన్నిసార్లు తింటామో దాని చేతిలో లేదు. మెత్తగా కరిగిపోయేవి, ద్రవంతో కలిసి జారిపోయేవి చిన్న కడుపులో నిలవవు. బిస్కెట్లు, చిప్స్, ఐస్‌క్రీమ్, తియ్యటి పానీయాలు అన్నీ ఈ జాతివే. గుడ్డు నిలుస్తుంది, చేప నిలుస్తుంది, పప్పులు నిలుస్తాయి. అందుకే భోజనంతో పాటు నీళ్లు తాగవద్దంటారు, తిన్నాక అరగంట ఆగమంటారు. ఫలానా పదార్థం నిషేధం అని గీత గీసుకుంటే, గీతకు ఇవతల ఉన్నవన్నీ గంటకోసారి నోట్లో పడుతుంటాయి. మానేయడం ఒక వస్తువుకు కాపలా కాస్తుంది. బరువు పెరిగేది మాత్రం భోజనానికీ భోజనానికీ మధ్య ఉన్న ఖాళీల్లో.

ఇప్పుడు నేను పాటిస్తున్నది గడియారాన్ని పట్టుకుని ఉండే పద్ధతి. మూడు భోజనాలు, సాయంత్రం ఒక చిరుతిండి, వాటి మధ్య నీళ్లు తప్ప ఏమీ లేదు. ప్రతిసారీ మాంసకృత్తులు ముందు, కూరగాయలు తర్వాత, అన్నమో రొట్టో చివర చోటుంటేనే. రోజు మొత్తానికి 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది సర్జరీ అయినవాళ్లకు సాధారణంగా చెప్పే లెక్క. నేను 70 దగ్గర ఉంటాను. తీపి తినాలనిపిస్తే దానికీ చోటుంది, భోజనం చివర మాత్రమే. రెండు చాక్లెట్ ముక్కలు గిన్నెలో వేసుకుని, మిగతాది అల్మారాలో పెట్టి తలుపు మూసి, బల్ల దగ్గర కూర్చుని తింటాను. అప్పటికే కడుపు నిండి ఉంటుంది కాబట్టి మూడో ముక్క అంత రుచిగా అనిపించదు. అదే ముక్క నాలుగింటికి ఖాళీ కడుపుతో తింటే ఒకటి పదికి దారి తీస్తుంది. చిత్రమేమిటంటే, రేపు మధ్యాహ్నం తినవచ్చని తెలిసినప్పుడు ఈ సాయంత్రం యావ సగానికి సగం తగ్గిపోతుంది. మానేసిన ఏడు నెలల్లో అది ఒక్క రోజు కూడా తగ్గలేదు.

ఈ పద్ధతికీ బలహీనత ఉంది. కొలత మెల్లగా జారుతుంది. రెండు ముక్కలు మూడవుతాయి, వారానికి రెండుసార్లు కాస్తా నాలుగవుతాయి. అందుకే పెద్ద పొట్లాలు ఇంటికి తేవడం మానేశాను, తిన్న వేళలు చిన్న పుస్తకంలో రాస్తాను. ఏం తిన్నానో ఒక్కోసారి రాయను, ఎన్నింటికి తిన్నానో మాత్రం తప్పకుండా రాస్తాను.

ఇక నోరు కట్టేసుకోవడమే మేలైనవాళ్లు. బైపాస్ తర్వాత తీపి తిన్న పది నిమిషాల నుంచి అరగంటలోపు కడుపు మెలిపెట్టి, చెమటలు పట్టి, గుండె దడదడలాడేవాళ్లు మొదటి రకం. తిన్నది కడుపులో ఆగకుండా ఒక్కసారిగా పేగులోకి జారడం వల్ల వచ్చే ఈ బాధనే డంపింగ్ అంటారు. అది అంత తీవ్రంగా ఉంటే కొలత పనికిరాదు, దూరంగా ఉండడమే. రెండో రకం, మొదటి ముక్క నోట్లో పడ్డాక ఆగడం తమ చేతిలో ఉండనివాళ్లు. సర్జరీకి ముందు కూడా అలాగే ఉన్నవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. వాళ్లను నా పద్ధతిలోకి రమ్మని ఎప్పుడూ అనను. ఆ ఒక్క వస్తువును మానేసి, అలాంటి సమస్యలు చూసే మానసిక నిపుణుల సాయం తీసుకోవడం వాళ్లకు మేలు. ఒక మాట మాత్రం మనసారా చెబుతాను: తీపి మానేసి ఆ చోటును మద్యంతో నింపుకోవద్దు. బైపాస్ తర్వాత మద్యం త్వరగా, గట్టిగా తలకెక్కుతుంది. రెండో ఏడాది నుంచి అది వ్యసనంగా మారే ముప్పు పెరుగుతుందని అధ్యయనాల్లో తేలింది.

ఈ రెండు పద్ధతుల కంటే ముందు చూసుకోవలసినది ఒకటుంది. తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య చేతులు వణికి, చెమట పట్టి, తీపి కోసం ప్రాణం పోయినట్టు అనిపిస్తుంటే దానిని నోటి చాపల్యం అనుకోవద్దు. చక్కెర ఒక్కసారిగా పేగులోకి దూకడంతో ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై, కాసేపటికి రక్తంలో చక్కెర పడిపోతుంది. శరీరం నిజంగానే చక్కెర అడుగుతోంది. అప్పటికప్పుడు దాన్ని సరిచేసుకోవాల్సిందే. కానీ ప్రతిసారీ తీపితోనే సరిపెడితే రెండు గంటల తర్వాత మళ్లీ అదే కథ. ఆ వేళకు గ్లూకోమీటర్‌తో చూసుకుని, ఆ అంకెలు పట్టుకుని సర్జన్ దగ్గరికో డైటీషియన్ దగ్గరికో వెళ్లండి. మనసు గట్టిగా లేదని తమను తాము తిట్టుకుంటూ ఏళ్లు గడిపినవాళ్లు ఉన్నారు. వాళ్ల తప్పు అణువంత కూడా లేదు.

మిగతా దారుల గురించి రెండు మాటలు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు సర్జరీ తర్వాత పెరిగిన బరువుకూ వాడుతున్నారు, తినాలనే యావ మీద బాగానే పనిచేస్తాయి. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని దాని మీద జరిగిన పరీక్షల్లోనే బయటపడింది. కాబట్టి ఎంతకాలం వాడతారో వైద్యులతో ముందే మాట్లాడుకోండి. రెండోసారి సర్జరీ మొదటిదానికంటే చిక్కులు ఎక్కువ ఉన్నది, ఎండోస్కోపీలో నిర్మాణపరమైన లోపం కనబడితే ఆలోచించవలసింది. అయిదు రోజులు ద్రవాలే తాగి కడుపును మళ్లీ కుదించుకోవడం అనేదానిని నేను లెక్కలోకి తీసుకోను, కడుపు అలా కుదించుకోదు.

మొన్న ఇదే ప్రశ్న అడిగిన ఒకావిడకు బైపాస్ అయి అయిదు నెలలే. ఆవిడకు ప్రస్తుతానికి పూర్తిగా మానేయమనే చెప్పాను. ఏడాది దాటి, తిండి మళ్లీ గుర్తు రావడం మొదలయ్యాక కొలుచుకోవడం గురించి మాట్లాడుకుందాం అన్నాను. ఈలోగా తిన్న వేళలు రాసి పెట్టుకోమన్నాను.