జాగ్రత్త: తెల్ల ప్లేటు బండి కిరాయికి ఎక్కకండి, మమ్మల్ని కోదాడ దాటాక రోడ్డు మీద దింపేసి పోయాడు

ఇది రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. మొన్న శనివారం జరిగింది. ట్రావెల్స్ పేరు రాయను. మా వైపు ఉండేవాళ్ళకి చెప్పనక్కర్లేదు, కాలనీలో సగం మంది ఫోన్లలో ఆ ఓనరు నంబరుంది. పండగొచ్చినా పెళ్ళొచ్చినా అందరం ఆయన్నే అడుగుతాం. నేనూ అలాగే అడిగాను.

మా చెల్లెని భీమవరం ఇచ్చాం. ఇప్పుడు ఏడో నెల. ప్రయాణాలు వద్దని డాక్టరు చెప్పారు కాబట్టి పండక్కి తను రాలేదు, మేమే పోదామనుకున్నాం. అమ్మ, నాన్న, నేను, నా భార్య, నాలుగేళ్ళ పాప. ఏడు సీట్ల ఎర్టిగా, రానుపోను మూడు రోజులు, కిలోమీటరుకి 14 రూపాయలు, రోజుకి కనీసం 300 కిలోమీటర్ల లెక్క, డ్రైవర్ బత్తా రోజుకి 400, టోల్ మాది. అడ్వాన్స్ 6,000 ఫోన్‌పే చేశాను. రసీదు అడగలేదు. వాట్సాప్‌లో ఆయన ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు, అదే నా దగ్గరున్న అగ్రిమెంటు.

అమ్మ మూడు రోజుల ముందు నుంచే పనిలో పడింది. ఐదు కిలోల కొత్త బియ్యం సకినాలు. బియ్యం నానబోసి, పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, తెల్ల పంచె పరిచి దాని మీద ఒక్కొక్కటీ వేళ్ళతో చుట్టడం. అమ్మకి కుడిచేతి వేళ్ళు పొద్దున్నే ముడుచుకుపోతాయి, వేడి నీళ్ళలో పెట్టుకుని మరీ కూర్చుంది. పక్కింటి అత్తమ్మలిద్దరు వచ్చి చుట్టిపెట్టారు. "నా బిడ్డ కడుపుతోటి ఉన్నది, అక్కడ అన్నీ దొరుకుతయి గానీ సకినాలు దొరుకుతయా" అని ఒకటే మాట. గరిజెలు వేరే, సర్వపిండి వేరే, పుంటికూర తొక్కు వేరే. సకినాలు విరగకుండా పాత నూనె డబ్బాలు రెండు శుభ్రంగా కడిగి ఎండబెట్టి, అడుగున పేపర్లు పరిచి సర్దింది.

తెల్లవారుజామున ఐదున్నరకి బండి వచ్చింది. మాట్లాడుకున్న బండి కాదు. సీఎన్జీ బండి, డిక్కీలో చోటంతా సిలిండరే. పైన క్యారియర్ లేదు. సామాన్లు కాళ్ళ కింద, ఒళ్ళో పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడే అమ్మ వెనక నిలబడి అడిగింది, "గిదేంది కొడుకా, నంబరు ప్లేటు తెల్లగున్నది? కిరాయి బండ్లకు పసుపుపచ్చది గదా ఉండేది?"

నేను విన్నాను. చూశాను కూడా. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, పంతంగి టోల్ దగ్గర జామ్ అయితే సాయంత్రమైపోతుంది, ఎక్కు" అన్నాను. మూడు రోజుల నుంచి ఈ ఒక్క మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు. చదువుకోని అమ్మకి కనపడింది, నాకు కనపడీ నోరు మూసుకున్నాను. అమ్మనీ మూయించాను.

పంతంగి టోల్ దగ్గర అనుకున్నట్టే రెండు గంటలు. ముందుకొచ్చాక ఫాస్టాగ్‌లో డబ్బుల్లేవన్నాడు. వెనక బండ్ల హారన్లు, నాన్నకి బీపీ, సరే అని 1,000 రీఛార్జ్ చేశాను. తర్వాత లెక్కలో తీసేస్తామన్నాడు.

సూర్యాపేట ఇవతల ఒక వేపచెట్టు కింద ఆపుకుని అన్నాలు తిన్నాం. పులిహోర, పెరుగన్నం, తొక్కు. అమ్మ విస్తరాకు వేసి మొట్టమొదట డ్రైవర్‌కే పెట్టింది. పాతికేళ్ళుంటాయేమో. "ముందుగాల నువ్వు తిను బిడ్డా, బండి నడిపేటోనివి" అంది. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. బాగుందమ్మా అన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

కోదాడ దాటి రామాపురం క్రాస్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఫోనొచ్చింది. బండి సర్వీసు రోడ్డులోకి తిప్పి ఆపేశాడు. ఆంధ్రా బార్డర్లో గరికపాడు దగ్గర ఆర్టీఏ వాళ్ళు ప్రైవేటు బండ్లని పట్టుకుంటున్నారట, ఇది ఓనరు సొంత బండి, ఆంధ్రాకి పర్మిట్ లేదు, దాటితే సీజ్ చేస్తారు, నేను పోను అన్నాడు. విజయవాడ నుంచి ఇంకో బండి పంపిస్తారట, దానికి ఇంకో 7,000 ఇప్పుడే కొట్టాలట.

ఓనరుకి ఫోన్ చేశాను. "పండగ సీజన్ సార్, నాకు పది బేరాలున్నయి. వస్తే డబ్బులు కొట్టండి, లేకపోతే దిగండి. అడ్వాన్స్ రిటర్న్ ఉండదు, ముందే చెప్పినం కదా." ముందు ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను గట్టిగా మాట్లాడేసరికి కట్ చేశాడు. ఆ తర్వాత ఎత్తలేదు.

నేను డ్రైవర్‌తో వాదిస్తూనే ఉన్నాను, అతను తలుపులు తీసి సామాన్లు కిందికి పడేయడం మొదలుపెట్టాడు. బ్యాగులు పోతే పోయాయి. నాన్న కాళ్ళ దగ్గరున్న సకినాల డబ్బా బరువు, చేతికి రాలేదు. అప్పుడు లోపలికి ఎక్కి చెప్పుకాలితో దాన్ని బయటికి తోశాడు. చెప్పుకాలితో. గంట క్రితం అదే అమ్మ చేతి అన్నం తిన్న మనిషి. డబ్బా అంచు మీద కంకరలో పడింది, ఆ రేకు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మూత ఊడి రోడ్డు దాకా దొర్లుకుంటూ పోయింది. సకినాలన్నీ మట్టిలో.

అమ్మ అరవలేదు. తిట్టలేదు. కింద కూర్చుంది. డబ్బాని చేత్తో తాకి కళ్ళకద్దుకుంది, కాలు తగిలించింది తనే అయినట్టు. తర్వాత ఏరడం మొదలుపెట్టింది. మట్టి అంటనివి కొంగులోకి, అంటినవి పక్కకి. మా పాప కూడా కూర్చుని, "నానమ్మా, ఇది విరగలేదు, ఇది విరగలేదు" అంటూ ఒక్కొక్కటీ ఇస్తోంది. నేనేమో ఫోన్ చెవిలో పెట్టుకుని రింగవుతున్న నంబరు వింటూ నిలబడ్డాను. అతని వైపు చూసి "తినేవాటిని కాలితో తంతావా" అన్నాను. "ఈ డబ్బాల కోసమా సార్ ఇంత లొల్లి? ఆడ స్వీట్ షాపులు లేవా?" అన్నాడు. బండి వెనక్కి తిప్పుకుని హైదరాబాద్ వైపు పోయాడు.

డబ్బుల గురించి ఇంత బాధ లేదు. ఒట్టేసి చెప్తున్నాను, అడ్వాన్సూ ఫాస్టాగ్ రీఛార్జూ కలిపి 7,000, పోతే సంపాదించుకుంటాను.

తర్వాత ఆటోలో కోదాడ వెనక్కి వచ్చాం. పండగ రద్దీ, విజయవాడ బస్సులో నాన్నకి ఒక్కరికే సీటు దొరికింది. విజయవాడలో మళ్ళీ భీమవరం బస్సు. ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండున్నర. సర్వపిండి చెమ్మగిల్లి పాడైపోయింది. రెండో డబ్బా బాగానే ఉంది గానీ చెల్లె దాన్ని ముట్టుకోలేదు. అమ్మ కొంగు మూటలోవే కావాలంది, విరిగిన ముక్కలు. తింటూ ఏడుస్తుంటే వాళ్ళ అత్తగారు వచ్చి, "కడుపుతో ఉండి ఏడవకూడదమ్మా, మీ అమ్మ వచ్చింది కదా" అని పక్కన కూర్చున్నారు. ఆవిడ కూడా ఆ ముక్కలే తిన్నారు. బావగారు తన స్నేహితుడి బండి తెచ్చి మమ్మల్ని వెనక్కి దింపారు, అద్దె మాట ఎత్తనివ్వలేదు.

ఇంటికొచ్చాక తెలుసుకున్నవి రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత బండి, దాన్ని కిరాయికి తిప్పడమే చట్టవిరుద్ధం. డ్రైవర్‌తో వచ్చే కిరాయి బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుండాలి. మనమే నడుపుకునే అద్దె కారుకైతే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు బండిలో కిరాయికి పోతూ యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు కొర్రీ పెట్టొచ్చు, పాపని ఒళ్ళో పెట్టుకుని అలాంటి బండిలో పోయామని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. పసుపు ప్లేటైనా, రాష్ట్రం విడిపోయాక ఆంధ్రాకి పోవాలంటే ఆల్ ఇండియా పర్మిట్ ఉందా, లేకపోతే టెంపరరీ పర్మిట్ ఎవరు తీస్తారు అన్నది ముందే అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బండి ఏ తరగతిదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనపడుతుంది. రెండు నిమిషాల పని. అడ్వాన్స్ పంపకముందే బండి నంబరు తీసుకోండి, వేరే బండి వస్తే సామాను ఎక్కించొద్దు.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, తెలుగులోనే మాట్లాడొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా వేస్తున్నాను. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఆ బండి ఫొటో, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, ఫోన్ చేసిన టైములు అన్నీ దాచి పెట్టాను. ఇదే మనిషి చేతిలో ఇంకెవరైనా ఇలా మోసపోయి ఉంటే నాకు చెప్పండి, కలిసి వేద్దాం.